పాత స్కూటరుకు మలుపు దీపములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఇట్టి ఉత్సవ సభలయందు పురాణములను గూర్చియో, ప్రబంధములను గూర్చియో ప్రసంగించుట వాడుక. ఆ వరుసలో పాత స్కూటరు తీగల ముచ్చట ఎట్లు చేరినదని కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. కాని మన పూర్వులు వాహనవిద్యను చిన్నచూపు చూడలేదు. నిషధరాజైన నలుడు రాజ్యము కోల్పోయి, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున సారథియై యుండెను. రథము వాయువేగమున సాగుచుండగా ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను, కాయలను తప్పులేక లెక్కచెప్పెను. నలుడు రథము నాపి, దిగి, లెక్కించి చూచి, ఆశ్చర్యపడి, తన అశ్వవిద్య నిచ్చి అతని లెక్కలవిద్య పుచ్చుకొనెను. వాహనము తెలిసినవానికి లెక్క కావలెను. లెక్క తెలిసినవానికి వాహనము కావలెను. ఈనాటి ప్రసంగమునకు ఆ కథయే మూలము. ఏలయనగా స్కూటరు దీపముల వ్యవహారమంతయు జమాఖర్చుల వ్యవహారమే.

మొదట అవసరమును చెప్పవలెను. అంబాజీపేట రహదారుల నెఱుగనివారు ఈ సభలో లేరు. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క కొబ్బరితోట, నడుమ రోడ్డు. కాలువ కావలి గట్టున ఇండ్లు. ప్రతి నాలుగిండ్లకు ఒక చిన్న వంతెన. స్కూటరుపై పోవువాడు తిన్నగా పోవుచు పోవుచు ఒక్కసారి ఆ వంతెన మీదికి మళ్లును. వెనుక కొబ్బరికాయల లారీ యుండును. దాని వెనుక బడిపిల్లల ఆటో యుండును. ఎదురుగా సైకిలుపై దింపు కార్మికుడు వచ్చుచుండును. మళ్లువాడు మళ్లెదనని ముందుగా చెప్పినచో అందఱును నిలుతురు. చెప్పనిచో లారీవాడు బ్రేకు వేసినను బరువు ఆగదు. ప్రక్కకు తప్పుకొనవలెనన్న కాలువ. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు పోయివచ్చు జనసమ్మర్దములో ఈ ఇబ్బంది నూఱింతలగును.

మళ్లుటకు ముందు చేయి చూపవచ్చును గదా యని అడుగవచ్చును. చూపవలసినదే. కుడికి మళ్లువాడు కుడిచేయి తిన్నగా చాచుటయు, ఎడమకు మళ్లువాడు చాచిన కుడిచేతిని గుండ్రముగ త్రిప్పుటయు మన దేశమున చిరకాలముగా నున్న పద్ధతి. కాని స్కూటరు నిర్మాణమును గమనింపుడు. కుడి పిడిలో ఇంజను వేగము, ముందు చక్రపు బ్రేకు ఉన్నవి. ఎడమ పిడిలో క్లచ్చియు, పిడినే త్రిప్పి మార్చు గేర్లు ఉన్నవి. కుడిచేయి చాపినచో వేగమును, ముందు బ్రేకును వదలినట్లే. వదలవలసినది మలుపు దగ్గఱ, అనగా అవి రెండును అత్యవసరమైన చోటనే. అంతేకాక చేతి సంజ్ఞ చీకటిలో కనబడదు, వర్షములో కనబడదు, వెనుక కూర్చున్నవారుగాని, ముందు నిలుచుండబెట్టిన కొబ్బరిబస్తాగాని అడ్డు వచ్చినను కనబడదు. కావుననే మలుపు దీపములు వచ్చినవి.

ఈ దీపముల చరిత్రయు కొంత వినదగినది. తొలినాళ్లలో కొన్ని కారులకు ద్వారబంధమునుండి చేయివలె బయటికి లేచు పలకలు ఉండెడివి. తరువాత వెలుగుచు ఆరుచు నుండు దీపములు వచ్చినవి. అమెరికాలో బ్యూక్ కంపెనీ 1939లో వీనిని తన కారులకు అమర్చినది. స్కూటరు కథ యుద్ధానంతరపు కథ. ఇటలీదేశమున విమానములు చేయు పియాజియో కర్మాగారము యుద్ధములో దెబ్బతినగా, ఆ సంస్థ సామాన్యునికి తగిన చౌక వాహనము చేయ సంకల్పించినది. కొర్రాదీనో దస్కానియో యను విమాన శిల్పి 1946లో 'వెస్పా'ను రూపొందించెను. వెస్పా యనగా ఇటలీ భాషలో కందిరీగ. మఱుసటి సంవత్సరము, 1947లో, మిలాను నగరపు ఇన్నొచెంటి సంస్థ 'లాంబ్రెట్టా'ను తెచ్చినది. ఈ రెండింటి సంతతియే మన దేశమున వ్యాపించినది. బొంబాయిలో ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ లాంబ్రెట్టాలను కూర్చినది. బజాజ్ సంస్థ పియాజియో అనుమతితో వెస్పాలను చేసి, ఆ ఒడంబడిక ముగిసిన పిదప 1972లో రాణాప్రతాపుని గుఱ్ఱము పేర 'చేతక్'ను వెలువరించినది. ఇన్నొచెంటి యంత్రములను కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థ 'విజయ్ సూపర్' చేసినది. మన హైదరాబాదు కూడ వెనుకబడలేదు. అచ్చట తయారైన 'ఆల్విన్ పుష్పక్' కుబేరుని విమానము పేరు మోసికొని ఆంధ్రదేశమున తిరిగినది.

ఆ దినములలో స్కూటరునకు సొమ్ము కట్టి సంవత్సరముల తరబడి కాచుకొనవలసి వచ్చెడిది. యానాము, ఎదుర్లంకల నడుమ బాలయోగి వంతెన 2002లో వచ్చుటకు ముందు ఆ దారిని పోవువారు స్కూటరును పంటుమీద ఎక్కించి గోదావరి దాటవలసి వచ్చెడిది. అట్లు సంపాదించి, అట్లు కాపాడుకొన్న వాహనము కోనసీమలో ఇంకను కొన్ని ఇండ్ల అరుగుల ప్రక్కన నిలిచియున్నది. తండ్రి నడిపినదానిని కుమారుడు, తాత నడిపినదానిని మనుమడు బాగుచేయించి నడుపుచున్నారు. మంచిదే. కాని తాత కాలపు రోడ్డుమీద ఎడ్లబండ్లు, సైకిళ్లు ఎక్కువ. మనుమని రోడ్డుమీద లారీలు, కారులు, ఎక్కడ చూచినను మోటారు సైకిళ్లు. వాహనము పాతదైనను రోడ్డు పాతది కాదు. పాత స్కూటర్లలో చాలవానికి మలుపు దీపములు పుట్టుకతో లేవు. వానిని అమర్చు విధానమే నేటి విషయము.

ఇక జమాఖర్చులకు వత్తము.

పాత స్కూటరులో విద్యుత్తు ఎచ్చటినుండి వచ్చును? ఇంజను ప్రక్కన నొక బరువైన చక్రము తిరుగుచుండును. దాని అంచున లోపలివైపు అయస్కాంతములు బిగింపబడియుండును. చక్రము మధ్య కదలని పలకపై రాగితీగ చుట్టలుండును. వానినే మన మెకానిక్కులు మాగ్నెటు కాయిళ్లందురు. అయస్కాంతములు కాయిళ్లను దాటి పోవునపుడు తీగలలో విద్యుత్తు పుట్టును. ఒక కాయిలు ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించుటకు. తక్కినవి దీపములకు, హారనుకు. ఇట్లు పుట్టిన విద్యుత్తు ఏటి పాటు పోటులవలె క్షణక్షణము దిక్కు మార్చుకొనుచుండును. దీనినే ఏ.సి. యందురు. బ్యాటరీలోని విద్యుత్తు కాలువనీటివలె ఒకే దిక్కున పాఱును. దీనిని డి.సి. యందురు. ఈ భేదము తెలియక చేసిన పని యెల్ల చెడిపోవును.

మాగ్నెటు ఆదాయమునకు రెండు లక్షణములు కలవు. మొదటిది, ఇంజను తిరిగినపుడే రాబడి. ఇంజను ఆగినచో చిల్లిగవ్వ రాదు. రెండవది, వేగమునుబట్టి రాబడి పెరుగును, తఱుగును. అందుచేతనే పాత బండి నిలిచి గుడగుడలాడునపుడు దీపము మినుకుమినుకుమనును. వేగమెత్తుకొన్నపుడు భగ్గున వెలుగును. పాత 6 వోల్టుల బండ్లలో ఈ హెచ్చుతగ్గులను అదుపుచేయు పరికరము ఉండెడిది కాదు. దీపముల బరువే అదుపు. ఇన్ని వాట్ల దీపములుండునని లెక్కవేసి అంతకు సరిపడ కాయిలు చుట్టెడివారు. ఒక బల్బు మాడినచో మిగిలినవానికి పాలు ఎక్కువై అవియు మాడుట అందుచేతనే. ఒక వారసుడు పోగా ఆస్తి యెక్కువైన వారసులు చెడిపోయినట్లన్నమాట.

ఇప్పుడు ఖర్చు చూడుడు. ముందు దీపము 25 వాట్లు, వెనుక దీపము 5 వాట్లు అనుకొందము, మొత్తము 30. మలుపు దీపములు ఒక ప్రక్కకు రెండు, ముందొకటి వెనుకొకటి, ఒక్కొక్కటి 10 వాట్లు, వెరసి 20. అవి వెలిగిన క్షణమున ఖర్చు 30 నుండి 50కి పెరుగును. రాబడి పెరుగలేదు. ఫలమేమి? మలుపు దీపము వెలిగినప్పుడెల్ల ముందు దీపము కుంగును. పైగా మలుపు దగ్గఱ వేగము తగ్గింతుము. వేగము తగ్గగా రాబడియు తగ్గును. అనగా ఆదాయము అతి తక్కువగా నున్న సమయముననే ఖర్చు అతి యెక్కువ. ఏ కుటుంబమైనను ఇట్టి సమయమున నిలువలో చేయి పెట్టవలసినదే. ఆ నిలువయే బ్యాటరీ.

కావున మార్గములు మూడు.

మొదటి మార్గము, మాగ్నెటునుండియే నేరుగా నడుపుట. తరువాతి కాలపు 12 వోల్టుల బండ్లలో వోల్టులను అదుపుచేయు రెగ్యులేటరు ఉండును. కాయిళ్లు కూడ బలమైనవి. అట్టివానికి ఏ.సి.పై పనిచేయు ఫ్లాషరు తగిలించి నడుపవచ్చును. బ్యాటరీ అక్కఱలేదు. లోపమేమనగా, ఇంజను మెల్లగా తిరుగునపుడు వెలుగు మందగించును. ఇంజను ఆగినచో దీపము లేదు. పాత 6 వోల్టుల బండికి ఈ మార్గము తగదు.

రెండవ మార్గము, బ్యాటరీ పెట్టి దానిని మాగ్నెటుచే నింపుట. ఏ.సి.ని డి.సి.గా మార్చుటకు రెక్టిఫయరు కావలెను. అది లాకుల తలుపువంటిది. ఒక దిక్కున వచ్చు ప్రవాహమును మాత్రమే విడుచును. ఈ రెక్టిఫయరు లేకుండ బ్యాటరీ తీగను దీపపు కాయిలు తీగతో ముడివేయుట పెద్ద తప్పు. బ్యాటరీలోని విద్యుత్తంతయు కాయిలుద్వారా బండి శరీరములోనికి పాఱి, బ్యాటరీ ఖాళీయగును, కాయిలు మాడును. రెక్టిఫయరుతోపాటు రెగ్యులేటరును ఉండవలెను. లేనిచో దూరప్రయాణమున బ్యాటరీ అతిగా నిండి, లోని నీరు ఉడికి ఆవిరియగును. పూర్తి తరంగమును వాడుకొను రెక్టిఫయరు పెట్టదలచినచో కాయిలు యొక్క ఒక కొన బండి శరీరమునకు తగిలియున్నదా యని చూచి, దానిని వేఱుచేయవలెను. అది తెలిసిన మెకానిక్కు చేతిపని.

మూడవ మార్గము, మాగ్నెటును ముట్టుకొనకుండ, చిన్న బ్యాటరీని ప్రత్యేకముగా పెట్టి, ఇంటివద్ద ఛార్జి చేసికొనుచుండుట. ఇది వినుటకు మోటుగా తోచును గాని, పాత బండిని పుట్టిన రూపున కాపాడుకొనగోరువారికి ఇదియే ఉత్తమము. లెక్క చూడుడు. 6 వోల్టుల, 4 ఆంపియరు-గంటల బ్యాటరీ తీసికొందము. 20 వాట్లను 6 వోల్టులచే భాగింపగా 3.3 ఆంపియర్లు వచ్చును. దీపము సగము కాలము వెలుగును, సగము ఆరును. కావున సగటు సుమారు 1.7 ఆంపియర్లు. దినమునకు 20 మలుపులు, మలుపునకు 15 సెకండ్లు అనుకొన్నచో 300 సెకండ్లు, అనగా 5 నిమిషములు. దినపు ఖర్చు సుమారు 0.14 ఆంపియరు-గంట. 4ను దానిచే భాగించినచో 28 దినములు. బ్యాటరీని సగముకంటె మించి ఖాళీచేయుట దానికి చేటు కావున పక్షమునకొకసారి ఛార్జి చేసినచో చాలును.

ఇపుడు ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి. ఒక్కొక్కటి 1 వాటు చాలును. 12 వోల్టుల చిన్న బ్యాటరీతో వానిని నడిపినచో పై లెక్కచొప్పున దినమునకు 0.01 ఆంపియరు-గంటయైన కాదు. బ్యాటరీ ఊరకయుండి తనంత తాను కోల్పోవునదే అంతకంటె ఎక్కువగా నుండును. అయినను నెలకొకసారి ఛార్జి చేయుట మానరాదు. వెలుగని నిలువయు తఱుగుననుట ధాన్యపుగాదె చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక మిణుకుమిణుకుమనిపించు ఫ్లాషరు. పాత తరహా ఫ్లాషరులో వేడికి వంగు లోహపు పలక యుండును. విద్యుత్తు పాఱగా వేడెక్కి వంగి, తీగ కలయికను విడదీయును. చల్లారి మరల కలియును. దానికి నిర్ణీతమైన వాట్ల బరువు కావలెను. 10 వాట్ల బల్బులకు చేసిన ఫ్లాషరుకు 1 వాటు ఎల్.ఇ.డి.లు తగిలించినచో పలక వేడెక్కదు. దీపము మిణుకుమనక ఊరక వెలుగుచుండును. కావున ఎల్.ఇ.డి.కి దానికి తగిన ఎలక్ట్రానిక్ ఫ్లాషరే కొనవలెను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు మలుపు దీపము పసుపుపచ్చని నారింజవన్నెలో, నిమిషమునకు 60కి తక్కువకాక 120కి మించక మిణుకుమనవలెనని విధించుచున్నవి. గడియారము చేతబట్టి 15 సెకండ్లు లెక్కింపుడు. 15కు తక్కువకాక 30కి మించక యున్నచో సరి.

పని చేయు క్రమము ఇది. బండిని చెట్టునీడన బహిరంగస్థలమున నిలుపవలెను. పెట్రోలు ట్యాంకు సీటు క్రిందనే యుండును గావున పెట్రోలు కుళాయి కట్టి, బ్యాటరీయున్నచో దాని తీగ విడదీసి, అటుపిమ్మట చేయిపెట్టవలెను. మొదట కాగితముపై పటము గీయవలెను. బ్యాటరీ ధనపు కొననుండి ఫ్యూజు; ఫ్యూజునుండి తాళపు స్విచ్చి; దానినుండి ఫ్లాషరునందు 'బి' గుర్తుగల కొన; ఫ్లాషరు 'ఎల్' కొననుండి మలుపు స్విచ్చి నడిమి కొన; స్విచ్చి రెండు చివరి కొనలనుండి ఒకటి ఎడమ దీపముల జంటకు, ఒకటి కుడి దీపముల జంటకు; ప్రతి దీపపు రెండవ తీగ బ్యాటరీ ఋణపు కొనకు. ఇంతే. ఈ పటమును వాకిలి బల్లపై తీగలు పఱచి, దీపములు వెలిగించి చూచి, సరిపడిన తరువాతనే బండికి ఎక్కించవలెను. బల్లమీద దొరకిన తప్పు అయిదు నిమిషములలో దిద్దవచ్చును. బండిలో దాగిన తప్పు దొరకుటకు ఒక పూట పట్టును.

తీగలయందు లోభము కూడదు. 1 చదరపు మిల్లీమీటరు రాగితీగ మీటరునకు సుమారు 0.017 ఓముల నిరోధము చూపును. మూడు మీటర్ల దారిలో 3.3 ఆంపియర్లు పాఱినచో పోవునది 0.17 వోల్టు. అందులో సగము మందము తీగ వేసినచో 0.34 వోల్టు పోవును. 12 వోల్టులలో ఇది లెక్కలోనిది కాకపోవచ్చును. 6 వోల్టులలో దీపము కుంగుట కంటికి కనబడును. బీదవాని సంచిలో అర్ధరూపాయి పోయినను తెలియును గదా. ఫ్యూజు 5 ఆంపియర్లది చాలును. దానిని బ్యాటరీకి వీలైనంత దగ్గఱగా పెట్టవలెను. ఫ్యూజునకు మారుగా సిగరెట్టు పెట్టె రేకు చుట్టుట ఇల్లు కాల్చుకొని చలికాచుకొనుటయే.

ప్లగ్గు కాయిలునకు పోవు తీగను ఎన్నడును దీపములకు వాడరాదు. ఆ తీగ దీపములకు పంచినచో ఇంజను నడిదారిలో ఆగిపోవును. తీగల రంగులను నమ్మి పనిచేయుటయు ప్రమాదమే. కంపెనీకొక రంగు, నమూనాకొక రంగు. నలుబది యేండ్లలో ఎందఱు చేతులు పెట్టిరో ఎవరికి తెలియును? రెండు తీగలు కట్టిన చిన్న బల్బుతో ఒక్కొక్క తీగను పరీక్షించి, గుర్తు చీటీ కట్టుకొని సాగవలెను. పాత 6 వోల్టుల బండిలో దీపములన్నియు ఊడదీసి ఇంజను గట్టిగా తిప్పి పరీక్షించుట మాత్రము కూడదు. బరువులేని కాయిలు వోల్టులు పైకెగసి పరీక్షబల్బు మాడిపోవును.

కోనసీమకు ప్రత్యేకమైన శత్రువు ఒకటి కలదు. అది తడి. సముద్రపు గాలిలో ఉప్పు, కాలువగాలిలో చెమ్మ, ఆరు నెలలు వర్షము. వెస్పా వంశపు బండికి రేకు శరీరమే ఎముకల గూడు. ఆ రేకునే తీగకు మారుగా వాడి, విద్యుత్తు తిరిగివచ్చుటకు దారి చేసెదరు. దీనినే ఎర్తు అందురు. రంగుపూతయు, తుప్పును ఆ దారికి అడ్డుపడును. చాపక్రింది నీరువలె తుప్పు వ్యాపించుచుండగా, దీపము నేడు వెలిగి రేపు వెలుగదు; యజమాని బల్బులు మార్చి మార్చి విసిగిపోవును. దీనికి మందు ఒక్కటే. ప్రతి దీపమునకు ఎర్తు తీగ వేఱుగా లాగి బ్యాటరీ ఋణపు కొనవద్దకు తేవలెను. కలయికలన్నిటిని నొక్కి బిగించి, వ్యాజిలీను పూసి, రబ్బరు తొడుగు తొడుగవలెను. ఊరక మెలిపెట్టి టేపు చుట్టిన ముడి మొదటి వానకాలమును దాటదు.

హ్యాండిలు కుడియెడమలకు తిరుగును గావున అచ్చట తీగను బిగువుగా లాగరాదు, వదులు విడువవలెను. క్లచ్చి, గేరు కేబుళ్లు అదే మార్గమున రాపిడి చేయుచుండును. తీగకు దళసరి తొడుగు ఉండవలెను. పని ముగిసిన తరువాత హ్యాండిలును ఆ కొననుండి ఈ కొనకు పదిసార్లు తిప్పుచు దీపము చూడవలెను. మలుపు స్విచ్చిని ఎడమచేతి బొటనవ్రేలికి అందునట్లు పెట్టవలెను. కుడిచేతిని బ్రేకునుండి కదల్చకుండ చేయుటకే గదా ఈ శ్రమయంతయు! దీపములను కుడియెడమలుగ వీలైనంత ఎడముగ పెట్టవలెను. రెండును వెనుక దీపము ప్రక్కనే ఇఱికించినచో ఏది మిణుకుచున్నదో దూరమునుండి తెలియదు. పాత రేకులకు చిల్లులు పొడుచుట తగదు. ఉన్న బోల్టులకే చిన్న పట్టీలు బిగించి దీపములు తగిలించవచ్చును. చిల్లు పడినచోటనే తుప్పు మొదలగును. పోయిన రేకు మరల దొరకదు.

చట్టము సంగతి ఒక్కమాట. సొంత వాహనపు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును. తరువాత అయిదేండ్లకొకసారి పొడిగింపించుకొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము వాహనమును ఇష్టము వచ్చినట్లు మార్చుటకు ఒప్పదు. కావున పని తలపెట్టుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించి, వారు చెప్పినట్లు చేయుట మేలు. అదే చట్టము చేతి సంజ్ఞకు మారుగా విద్యుత్ సంజ్ఞను అంగీకరించుచున్నది.

దీపము అమర్చుటతో పని ముగిసినదా? సగమే ముగిసినది. మిగిలిన సగము నడుపువానిలో నున్నది. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు స్కూటరు సెకండునకు 10 మీటర్లు సాగును. వెనుకవాడు చూచి, గ్రహించి, కాలు బ్రేకుమీద వేయుటకు సెకండు మించి పట్టవచ్చును. అందుచే మలుపునకు 50 మీటర్ల ముందే, అనగా 5 సెకండ్ల ముందే, దీపము వేయవలెను. మళ్లుచు దీపము వేయుట పెండ్లి అయిన పిదప శుభలేఖ పంచుటవంటిది.

అంతకంటె పెద్ద దోషము మళ్లిన తరువాత దీపము ఆర్పకుండుట. కారులో చక్రము నిటారుకు రాగానే స్విచ్చి తనంత తాను వెనుకకు వచ్చును. పాత స్కూటరుకు ఆ సదుపాయము లేదు. కుడి దీపము మిణుకుచుండగా మైలు దూరము తిన్నగా పోవువానిని చూచి, ఎదుటివాడు వీడు మళ్లునని నమ్మి అడుగు వేయును. నమ్మినవాడు చెడును. దీపము లేనివాడు మౌని, ఆర్పనివాడు అబద్ధసాక్షి. మౌనముకంటె అబద్ధసాక్ష్యమే ఎక్కువ కీడు. హ్యాండిలుమీద కంటికి కనబడు చిన్న సూచికదీపముగాని, టిక్కుటిక్కుమను చిన్న బజరుగాని పెట్టించుకొన్నచో ఈ మఱపునకు మందు దొరకినట్లే.

ఇంకొక చిక్కు కలదు. మన రోడ్లపై కొందఱు లారీవారు కుడి దీపము వేసి, "ముందు దారి ఖాళీ, దాటిపొమ్ము" అని వెనుకవానికి చెప్పుచుందురు. చట్టము ప్రకారము కుడి దీపమునకు అర్థము "కుడికి మళ్లుచున్నాను" అని మాత్రమే. ఒకే సంజ్ఞకు రెండర్థములు. ఒకటి పొమ్మనుట, ఒకటి రావద్దనుట. కావ్యమున శ్లేష అలంకారము. రహదారిపై శ్లేష మరణకారణము. కావున లారీ కుడి దీపము చూచి దాటవలెనని తొందరపడరాదు. తన కన్నులతో దారి చూచిన పిదపనే దాటవలెను. తన స్కూటరు దీపమును మాత్రము ఎవరును రెండర్థములకు వాడరాదు.

మలుపు దీపము వచ్చినదని చేయి మానరాదు. పగటియెండలో దీపపు వెలుగు కనబడకపోవచ్చును. బ్యాటరీ ఆ క్షణముననే చచ్చిపోవచ్చును. ఎడముండి వీలున్నచోట చేయియు చూపవలెను. వెనుకకు ఒక్కమాఱు చూడవలెను. ఉపనిషత్తునందు శరీరమును రథమనియు, బుద్ధిని సారథియనియు చెప్పియున్నారు. రథమునకు ఎన్ని దీపములు కట్టినను సారథి నిద్రపోరాదు.

కడపట గ్రంథాలయ పోషకులకొక విన్నపము. ఈ స్కూటర్ల తీగలను ఎఱిగిన మెకానిక్కులు నానాటికి తఱిగిపోవుచున్నారు. వారి విద్య వ్రేళ్లలో నున్నది గాని కాగితముపై లేదు. నలునికి తెలిసినది ఋతుపర్ణునికి చెప్పకపోయినచో, ఋతుపర్ణునికి తెలిసినది నలునికి చెప్పకపోయినచో ఆ రెండు విద్యలును వారితోనే పోయెడివి. ఇండ్లలో అటకలమీద పాత స్కూటర్లతో వచ్చిన కంపెనీ పుస్తకములు, తీగల పటములు చెదలు తినుచున్నవి. అట్టివి ఉన్నవారు వానిని గ్రంథాలయమున కిచ్చిన యెడల ఒక బీరువాలో నొక అర వానికి కేటాయింపవచ్చును. పటములు లేని బండ్లకు అనుభవజ్ఞులైన మెకానిక్కులచేత చెప్పించి, బడిపిల్లలచేత గీయించి, చదువుకొనువారి కందుబాటులో నుంచవచ్చును. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దల మాట.

గ్రంథము మనస్సునకు దారి చూపు దీపము. మలుపు దీపము తోడి బాటసారికి దారి విడుచు దీపము. రెండును పరుల మేలుకొఱకు వెలుగవలసినవే. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు వెలిగినట్లే స్వర్ణోత్సవము దాటి వెలుగుగాక యనియు, దీని పాఠకులందఱు ప్రతి సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరుదురుగాక యనియు కోరుచు ఈ ప్రసంగము ముగింపబడుచున్నది.

స్వస్తి.